సెప్టెంబర్ 17 పాఠం: ‘అందరిదీ రైటే’ అనే దగ్గర ఆగిపోతున్న పిల్లలు

తొమ్మిదో తరగతి, 42 మంది, తెలుగు మీడియం. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబర్ 13–17 సైనిక చర్యను (‘పోలీసు చర్య’) భిన్న కోణాల్లో చెప్పడానికి 45 నిమిషాల పీరియడ్లు రెండే ఉన్నాయి.

మొదట విమోచన, విలీనం, ఆక్రమణ అంటూ మూడు జట్లు చేసి చర్చ పెట్టాను. పది నిమిషాల్లోనే ఇంట్లో విన్న మాటలు అరుపులుగా మారాయి. జట్టుకో పక్షం అప్పగించడమే తప్పు: గెలవాలనే తాపత్రయంలో ఆధారాన్ని ఎవరూ చూడరు.

రెండోసారి పక్షాలు తీసేసి, ఐదేసి వాక్యాల నాలుగు ముక్కలు ఇచ్చాను: 17న నిజాం రేడియో ప్రకటన, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఒక మహిళ జ్ఞాపకం, భారత ప్రభుత్వ వివరణ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా జరిగిన హింసపై భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం చెప్పారన్న పట్టిక నింపించాను. (నివేదికను ఇంగ్లీషు నుంచి నేనే సులభం చేశాను, ఆ పనికే రెండు సాయంత్రాలు పట్టింది.) గొడవ లేదు, పట్టికలూ బాగానే నింపారు. కానీ ముగింపులో దాదాపు అందరూ రాసింది ఒకటే: ‘ఎవరి కోణం వారిది, అందరిదీ రైటే.’ మిగిలినవాళ్ల ప్రశ్న, ‘పరీక్షలో ఏది రాయాలి సార్?’

కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. అలాంటి అంకెనూ ఒక వ్యక్తి జ్ఞాపకాన్నీ ఒకే తూకంలో పెట్టకూడదు. అలాగని జ్ఞాపకాన్ని కొట్టిపారేయనూ కూడదు. ఆ తేడా వాళ్లకు అందడం లేదు.

ఈ నాలుగు ముక్కలతోనే, ఏ ఆధారం ఏ ప్రశ్నకు ఎంతవరకు నమ్మదగిందో పిల్లలే తేల్చుకునేలా ఒక్క పీరియడ్‌లో మీరు చేయించి ఫలితం చూసిన పని ఏది?