రిడ్జ్ పొడుగునా దీవులు ఎందుకు లేవు?

గుత్తికోట (అనంతపురం):
గ్రూప్స్‌కు చదువుతున్నా అన్నా, జాగ్రఫీలో ఒకచోట ఆగిపోయినా. మధ్య అట్లాంటిక్ రిడ్జ్ (అట్లాంటిక్ అడుగున పొడుగ్గా ఉండే పర్వతాల వరస) దగ్గర భూమి పైపొర పలకలు విడిపోతుంటాయి, ఆ సందులోంచి లావా వస్తుంటుంది అని పుస్తకంలో ఉంది. అట్లయితే రిడ్జ్ పొడుగునా దీవుల వరస ఉండాలి కదా? మ్యాపులో చూస్తే ఐస్‌లాండ్, అజోర్స్, అసెన్షన్, అట్టడుగున బూవే, ఇట్లా ఎక్కడో ఒకటి. మిగతాదంతా నీళ్లే. కోచింగ్‌లో అడిగితే సిలబస్‌లో లేదు పో అన్నారు.

కడప రాళ్లు:
లావా రావడం వేరు, నీళ్లపైకి తేలేంత రావడం వేరు తమ్ముడూ. రిడ్జ్ శిఖరమే సగటున రెండున్నర కిలోమీటర్ల లోతులో ఉంటుంది. పలకలు అక్కడ ఏడాదికి 2 నుంచి 5 సెంటీమీటర్లే జరుగుతాయి, ఆ సందుకు వచ్చే శిలాద్రవం ఆరేడు కిలోమీటర్ల మందాన పొరగా గట్టిపడుతుంది, అంతే. ఐస్‌లాండ్ కింద మాత్రం మామూలు కంటే వేడిగా ఉన్న రాయి లోపలి నుంచి ఎగదన్నుతోంది, హాట్‌స్పాట్ అంటారే, అది. అందుకే అక్కడ కరిగే రాయి ఎక్కువ, పొర మందం కొన్నిచోట్ల 30 కిలోమీటర్లు దాటుతుంది. ఇంకో సంగతి, దీవి పలకతోపాటు రిడ్జ్‌కు దూరం జరిగేకొద్దీ కింది నేల చల్లబడి, బరువెక్కి, దిగబడుతుంది. అట్లా మునిగిపోయిన అగ్నిపర్వతాలు సముద్రం అడుగున చాలా ఉన్నాయి, కొన్నింటి నెత్తిని అలలు చదునుగా కోసేసినాయి.

నంద్యాల అన్న:
పైకి తేలినా నిలబడాలి కదా. సూర్ట్సే అనే దీవి గురించి చదువు. 1963 నవంబరు 14న ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి అవతల చేపల పడవ వాళ్లకు సముద్రంలోంచి నల్లటి పొగ కనిపించింది. అక్కడ లోతు 130 మీటర్లు. శిలాద్రవానికి నీళ్లు తగిలి ఆవిరై పేలుతుంటే రాయి పిండైపోయి బూడిదగా పడేది, ఒకపక్క గుట్ట లేస్తుంటే ఇంకోపక్క అలలు కోసేవి. 1964 ఏప్రిల్‌కు నీళ్లు లోపలికి పోయే దారి మూసుకుపోయింది, అప్పుడు లావా పారి బూడిద మీద రాతికప్పు పడింది. దాన్ని కాపాడింది ఆ కప్పే! పక్కన లేచిన రెండు చిన్న దీవులకు అది పడలేదు, నెలల్లోనే కొట్టుకుపోయాయి. 1967 జూన్‌లో లావా రావడం ఆగేసరికి సూర్ట్సే 2.7 చదరపు కిలోమీటర్లు, ఇప్పుడు దాదాపు సగమే మిగిలింది.

పులివెందుల రాయి:
శిలాద్రవం గట్టిపడిన రాయి చూడాలంటే మన పులివెందుల, వేంపల్లె, తాడిపత్రి పక్కకు రా. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి. పగలగొట్టిన ముఖం నల్లగా ఉంటుంది, ఎండావానలకు నానిన పాత ముఖం తుప్పురంగు, ఇనుము ఎక్కువ కాబట్టి. అయితే ఇది రిడ్జ్ రాయి కాదు, ఆ పొరపాటు పరీక్షలో రాయొద్దు. ఖండం లోపలే నేల కుంగినప్పుడు పొరల మధ్యకు చొరబడిన శిలాద్రవం.

గుత్తికోట:
ఇప్పుడు అర్థమైంది అన్నా. సూర్ట్సే మీదికి ఎవరైనా పోవచ్చునా?

నంద్యాల అన్న:
పోనివ్వరు. పరిశోధకులకే, అదీ అనుమతి ఉంటేనే. ఉత్త రాయి మీదికి ప్రాణం ఎట్లా వస్తుందో చూస్తున్నారు, 1965లోనే తీరంలో మొదటి పూలమొక్క మొలిచింది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చినారు.