లంబార్ పంక్చర్: జూనియర్ డాక్టర్ల చేతికి సూది ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న (జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలు):
మా ప్రభుత్వ బోధనాసుపత్రికి క్షయ మెనింజైటిస్ (క్షయ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) అనుమానంతో వచ్చే రోగులు ఎక్కువ కనుక, నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి నీరు తీసి (లంబార్ పంక్చర్) పరీక్షించవలసిన అవసరం తరచుగా కలుగుతుంది. మొదటి సంవత్సరం పీజీలు (ఎండీ చదువుతున్న జూనియర్ డాక్టర్లు) రాత్రి డ్యూటీలో సీనియర్ చేయగా ఒకసారి చూసి, మరుసటిసారి తామే చేసి ఈ పని నేర్చుకుంటున్నారు. తొలి అభ్యాసం రోగి వెన్ను మీదే జరగడం నాకు సమ్మతం కాదు. సిమ్యులేటర్ బొమ్మ వచ్చేదాకా ఆగకుండా, ఉన్న వనరులతోనే వారికి సురక్షితమైన పద్ధతిని ఎలా నేర్పవచ్చు?

సమాధానం (న్యూరాలజిస్టు):
మేడమ్, చేతి నేర్పు కంటే ముందు నిర్ణయాన్ని పరీక్షించండి. కంటి నరం ఉబ్బినవారికి, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడినవారికి, కొత్తగా మూర్ఛ వచ్చినవారికి, స్పృహ తగ్గుతున్నవారికి ముందుగా సీటీ స్కాన్ తీయించాలనీ, బాక్టీరియల్ మెనింజైటిస్ అనుమానం ఉంటే ఆ స్కాన్ కోసం యాంటీబయాటిక్‌ను ఆపకూడదనీ పీజీ తనంతట తాను చెప్పగలగాలి. రక్తం పలచబడే మందుల సంగతి, ప్లేట్‌లెట్ల సంగతి అడగకుండా ట్రే తెరిచేవారికి సూది ఇవ్వవద్దు.

సూది ఎంపిక కూడా శిక్షణలో భాగమే. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 110 ట్రయల్స్‌లోని 31 వేల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించింది. మామూలు కోసు మొన (ఏటవాలుగా కోసిన మొన) సూదితో సుమారు 11 శాతం మందికి వచ్చిన తలనొప్పి, పెన్సిల్ మొన సూదితో 4.2 శాతానికి తగ్గగా, విఫలయత్నాలు మాత్రం పెరగలేదు. అయినా చాలా వార్డుల్లో ఇప్పటికీ కోసు మొన సూదులే ఉన్నాయంటే నాకు బాధగా ఉంటుంది. అవే వాడవలసి వస్తే, రోగి పక్కకు పడుకున్నప్పుడు సూది కోసు పైకప్పు వైపు ఉండేలా పట్టుకోవడం, సూదిని బయటికి తీసేముందు స్టైలెట్‌ను (సూది లోపల ఉండే సన్నని తీగను) తిరిగి లోపల పెట్టడం నేర్పండి. ఆ తర్వాత గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టినందువల్ల తలనొప్పి ఆగదు.

సమాధానం (అనస్థీషియా వైద్యుడు):
మీ ఆసుపత్రిలో సిజేరియన్లు రోజూ జరుగుతూనే ఉంటాయి కదా, వాటికి మత్తు ఇవ్వడానికి మేమూ వెన్నులో ఇదే చోట సూది వేస్తాం. మీ పీజీలను కొన్నాళ్లపాటు ఉదయంపూట మా థియేటర్‌కు పంపండి. మొదట సూది ముట్టుకోకుండా, రోగులను సరిగ్గా వంచి కూర్చోబెట్టడం, తుంటి ఎముకల పైఅంచులను కలిపే రేఖ నుంచి వెన్నుపూసలను వేలితో లెక్కించడం మాత్రమే చేయాలి. వేలితో గుర్తించిన స్థానం నిజానికి ఒక పూస పైన ఉండడం మామూలే. పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా ఎల్1–ఎల్2 (నడుములోని ఒకటో, రెండో వెన్నుపూసలు) దగ్గర ముగుస్తుంది కనుక, ఎల్3–ఎల్4 గానీ అంతకు కింది సందు గానీ ఎంచుకోవడం అలవాటు కావాలి. అయితే మా దగ్గర రోగి ఎక్కువగా కూర్చునే ఉంటాడు, మీరేమో వెన్నులోని నీటి పీడనం కొలవడానికి పక్కకు పడుకోబెట్టాలి. ఆ భంగిమను మీ వార్డులోనే విడిగా నేర్పక తప్పదు.

సమాధానం (పిల్లల వైద్యురాలు):
శిశువుల విషయంలో, పట్టుకునే వ్యక్తికి శిక్షణ లేకపోతే సూది పట్టే చేయి ఎంత నేర్పుగలదైనా ప్రయోజనం ఉండదు. మెడను బలంగా వంచితే పసికందుకు ఊపిరి ఆడదు, అందువల్ల నడుము మాత్రమే వంచి, ఆక్సిజన్ శాతం చూసే ప్రోబ్ తగిలించి ఉంచాలి. నవజాత శిశువులో వెన్నుపాము ఎల్3 దాకా ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. "నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట" అని బంధువులు నిరాకరించినప్పుడు పీజీలు తడబడుతున్నారు. దానికి ఏమి చెప్పమంటారు?

సమాధానం (న్యూరాలజిస్టు):
సూది దిగే చోట వెన్నుపాము ఉండదనీ, కిందికి వేలాడే నరాలు మాత్రమే ఉంటాయనీ బొమ్మ గీసి చూపమనండి. తలనొప్పి, నడుంనొప్పి రావచ్చనీ, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ అరుదనీ దాచకుండా చెప్పాలి. ఎన్ని ప్రయత్నాల తర్వాత సీనియర్‌ను పిలవాలో ముందే నిర్ణయించి, రెండుకు మించకుండా చూసి, ఆ మాట కూడా బంధువులకు చెప్పించండి.