కాన్పు గదిలో పక్కన ఎవరుండాలి: అమ్మా, భర్తా?

గోదారిగట్టు:
మా చెల్లికి తొమ్మిదో నెల. తొలి కాన్పు కాబట్టి సీమంతం అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చాం. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలోనే చూపిస్తున్నాం. నొప్పులప్పుడు పక్కన ఒకరు ఉండొచ్చని, ఆ ఒక్కరూ ఆడమనిషే అయ్యుండాలని సిస్టర్ చెప్పారు. మా మరిది తానే ఉంటానని పట్టుబడుతున్నాడు. మగవాళ్లకు అక్కడేం పని అని అమ్మ. మధ్యలో చెల్లి ఏమీ తేల్చడం లేదు. భర్తను లోపలికి రానివ్వమని ఆసుపత్రి వాళ్లను అడగడం సబబేనా?

తులసికోట:
మీ అమ్మగారి మాటే సరైనది. ఆ నొప్పుల్లో ఒంటి మీద బట్ట ఎలా ఉందో కూడా తెలియదు. భర్త చూస్తున్నాడంటే మన పిల్లల్లో చాలామంది బిడియంతో బిగుసుకుపోతారు. పైగా అదే గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటారు, వాళ్ల పరువు సంగతేంటి? కన్న అనుభవం ఉన్న ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే వచ్చే ధైర్యం వేరండీ.

నల్లరేగడి:
తులసికోట గారూ, బిడియం అందరికీ ఉండదు. నా భార్య కాన్పప్పుడు నేను పక్కనే ఉన్నాను. అది హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి, విడి గది. నడుము ఎక్కడ రుద్దాలో, ఊపిరి ఎలా తీయించాలో ముందే క్లాసుల్లో నేర్పారు. ఆ రాత్రంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. డబ్బున్న వాళ్లకు దొరికేది ప్రభుత్వాసుపత్రికి వెళ్లిన ఆమెకు ఎందుకు దొరకకూడదు? తప్పకుండా అడగండి.

డ్యూటీ_సిస్టర్:
నేను చాలా ఏళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్నాను. ముందు రూల్ సంగతి చెబుతాను. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుకు తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆ మనిషి బంధువైన ఆడమనిషి అయ్యుండాలి, కాన్పు అనుభవం ఉంటే మరీ మంచిది, అంటువ్యాధులు ఉండకూడదు, చివరిదాకా ఉండగలగాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. ఇతరుల గోప్యతకు భంగం రాదనుకున్న చోట భర్తను కూడా అనుమతించవచ్చని అందులోనే ఉంది. కాబట్టి అడగడంలో తప్పేమీ లేదు. మంచాల మధ్య కర్టెన్ కూడా లేని చోట మాత్రం మేము ఒప్పుకోలేం.

తోడు ఉండటం ఊరికే ధైర్యానికి కాదు. భయం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో నొప్పులు నెమ్మదించి కాన్పు ఆలస్యం కావచ్చు. 26 అధ్యయనాలను, 15 వేలకు పైగా మహిళల వివరాలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షలో, ఎవరో ఒకరు వదలకుండా పక్కనున్న వాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువగా, సిజేరియన్లు తక్కువగా కనిపించాయి. నొప్పులు పడే సమయం కూడా కొంత తగ్గింది.

కానీ ఇద్దరూ మర్చిపోతున్నదొకటుంది. అమ్మ అయితే చాలు, భర్త అయితే చాలు అనుకుంటున్నారు. "నేను నలుగురిని కన్నాను, నువ్వొక్కదానివే కంటున్నావా" అని కసిరే తల్లులను రోజూ చూస్తాను. బిడ్డ కంటే ముందు తానే ఏడ్చే తల్లులూ ఉంటారు. రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయిన భర్తను మేమే కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి తన నొప్పి మింగుకుని వాళ్లను ఓదారుస్తుంది. మీ చెల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. అమ్మ ముందు, ఆయన ముందు అడిగితే నిజం చెప్పదు.

మానేరు:
అందరూ ఆ ఒక్క పూట గురించే మాట్లాడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఆపరేషన్ థియేటర్ లోపలికి చాలాచోట్ల ఎవరినీ రానివ్వరు. అసలు తోడు అవసరం ఇంటికొచ్చాక మొదలవుతుంది. కుట్ల నొప్పితో లేవలేని మనిషి చుట్టూ చేరి "పాలు చాలడం లేదేమో", "మళ్లీ ఆడపిల్లేనా" అంటారు.

రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. అది దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది దిష్టి కాదు, బద్ధకం కాదు, జబ్బు. ఈ దిగులును గుర్తించడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలుంటాయి, డాక్టర్‌ని అడిగితే చూస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళైనా ఉచితం. మా ఇంట్లో ఈ దిగులును ఎవరూ గుర్తుపట్టలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మూడు నెలలు, ఐదు నెలలు పుట్టింట్లో ఉంచేస్తే భర్త ఆదివారం వచ్చి చూసి వెళ్లే చుట్టం అవుతాడు. ఆమె మారిపోయిందని అతనికెలా తెలుస్తుంది?

తులసికోట:
మానేరు గారూ, దిగులు గురించి మీరు రాసింది ప్రతి ఇంట్లో చదవాలి. పుట్టింటి మీద మాత్రం నింద వేయకండి. అత్తింట్లో ఉంటే పురిటి స్నానం అయిన మర్నాడే చాలామంది వంటింట్లోకి వెళ్తారు. వేళకు పథ్యం, రాత్రి బిడ్డను ఎత్తుకునే మనిషి, పగలు రెండు గంటల నిద్ర, ఇవి చాలామందికి దొరికేది అమ్మ దగ్గరే.

నల్లరేగడి:
అయితే భర్త కూడా అక్కడికే వెళ్లి ఉండాలి. ఉద్యోగం చేసే తల్లికి 2017 నుంచి 26 వారాల సెలవు చట్టంలో ఉంది. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటులో ఇచ్చి తీరాలన్న చట్టమే లేదు. ముందు అది మారాలి.

గోదారిగట్టు:
సిస్టర్ గారు చెప్పినట్టే చెల్లిని మేడ మీదికి తీసుకెళ్లి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మ ఏడుస్తుందక్కా, ఆయన కంగారు పడతారు. నువ్వుంటావా?" అంది. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మామూలు కాన్పులే. అమ్మకు, మరిదికి ఇంకా చెప్పలేదు, ఇద్దరూ నొచ్చుకుంటారు.

డ్యూటీ_సిస్టర్:
చెప్పేయండి, ఆలస్యం చేయొద్దు. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర ఈ గొడవ పడకూడదు. తొలి దశలో నడిపించడానికి మీ మరిదిని వరండాలో ఉండనిస్తారేమో అడగండి, మా దగ్గర ఉండనిస్తాం. మీరు ముందుగా ఒకసారి వెళ్లి లేబర్ రూమ్ చూసి రండి. ఆ రోజు కడుపునిండా తిని, ఉతికిన బట్టలతో వెళ్లండి. తొలి కాన్పు, ఒక్కోసారి రాత్రంతా పడుతుంది.

నల్లరేగడి:
ఆమె కోరుకున్న మనిషే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఆమె భర్తనే కోరుకుని ఉంటే, కర్టెన్ లేదని కాదనేవారు కదా. ఆ కర్టెన్ కోసం ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు అర్జీ రాయాలి. గోదారిగట్టు గారూ, మీ ఊరి నుంచి ఎవరైనా సంతకం పెడితే రాసిపెట్టడానికి నేను సిద్ధం.