అప్‌డేట్: ఓపెన్‌ఫోమ్‌లో ఉపరితలాల మధ్య వికిరణం పనిచేస్తోంది

ద్రవ, వాయు ప్రవాహాలను, ఉష్ణాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో నా నమూనా ఇది: మూసిన పెట్టెలో వేడి లోహపు పలక, చుట్టూ గాలి. వ్యూ ఫ్యాక్టర్ (ఒక ఉపరితలం నుంచి వెలువడిన వికిరణంలో మరోదానికి చేరే వంతు) మోడల్ పెట్టినా పలక ఉష్ణోగ్రత ఏమాత్రం మారడం లేదని ఇంతకుముందు అడిగాను. సరిహద్దు షరతులు (గోడల దగ్గర విలువలను నిర్ణయించే నియమాలు) చూడమన్న వారందరికీ కృతజ్ఞతలు, చిక్కు సరిగ్గా అక్కడే ఉంది.

సాల్వర్ (సమీకరణాలను సాధించే ప్రోగ్రామ్) వికిరణ ప్రవాహాన్ని, అంటే క్యూఆర్ ఫీల్డును, సరిగానే లెక్కిస్తోంది. కానీ ఉష్ణోగ్రత షరతులో ఆ పేరు ఇవ్వకపోతే గోడ దగ్గరి శక్తి సమీకరణంలో అది చేరదు. గాలి వైపు క్యూఆర్ అనీ, ఘనపదార్థం వైపు పొరుగు ప్రాంతపు క్యూఆర్ అనీ రాయాలి. ఎలాంటి హెచ్చరికా రాదు, అందుకే పట్టుకోవడం కష్టం.

తర్వాత చేతి లెక్కతో సరిచూశాను. దగ్గరగా ఉన్న రెండు పెద్ద సమాంతర పలకలు, 600, 300 కెల్విన్లు, రెండింటికీ ఎమిసివిటీ (ఉపరితలం వికిరణాన్ని వెలువరించే సామర్థ్యం, 0 నుంచి 1 వరకు) 0.8 అయితే చదరపు మీటరుకు సుమారు 4,590 వాట్లు రావాలి. ఈ పరీక్ష అందరూ తప్పక చేయాలని నా గట్టి అభిప్రాయం.

మెమరీ గురించి ఒక మాట. వ్యూ ఫ్యాక్టర్ల మాతృక ముఖాల (లెక్క కోసం ఉపరితలాలను విభజించిన చిన్న ముక్కల) సంఖ్య వర్గంతో పెరుగుతుంది: 10,000 ముఖాలకు 10 కోట్ల విలువలు, దాదాపు 800 మెగాబైట్లు. కాబట్టి ముందు ముఖాలను గుంపులుగా కలపండి. మూసిన పెట్టెలో ఒక్కో ముఖానికి వ్యూ ఫ్యాక్టర్ల మొత్తం 1కి దగ్గరగా ఉందో లేదో కూడా చూడండి.

పాలిష్ చేసిన అల్యూమినియానికి, ఆనొడైజ్ చేసినదానికి ఎమిసివిటీలో చాలా తేడా ఉంటుంది. ఇక ఆ రెండింటినీ పోల్చబోతున్నాను.