అద్దంలో బానే ఉన్న మొహం వీడియోలో బూడిద రంగులో వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

చిరునవ్వు29
అందరికీ నమస్తే. రెండు నెలలుగా ఇంట్లోనే రింగ్ లైట్ పెట్టుకుని వీడియో పాఠాలు రికార్డ్ చేస్తున్నా. మేకప్ అయ్యాక అద్దంలో చూసుకుంటే బానే ఉంటుంది, తీరా వీడియో తెరిస్తే మొహం బూడిద పూసినట్టు, మెడ ఒక రంగు మొహం ఒక రంగు. అరగంట కాగానే నుదురు, ముక్కు జిడ్డుతో మెరుస్తాయి. కళ్లజోడు ఆనే చోట ఫౌండేషన్ లేచిపోతోంది. లిప్‌స్టిక్ వేసినా పెదాలు వెలిసిపోయినట్టే ఉంటున్నాయి. ఫౌండేషన్‌లో ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 30 ఉంది, పైన తెల్ల హెచ్‌డీ పౌడర్ కొడతా. వచ్చే వారం కొత్త సిరీస్ మొదలుపెట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

నిప్పురవ్వ
ఎస్‌పీఎఫ్ అని నువ్వే రాశావు కదా చెల్లీ, ఇంకేం కావాలి, అదే కారణం. అందులో టైటానియం డయాక్సైడో జింక్ ఆక్సైడో ఉంటుంది, లైట్ పడగానే తిప్పికొడుతుంది. ఒక ఫంక్షన్‌లో నాకు ఇదే జరిగింది, ఫొటోలన్నిట్లో మొహం ఒక్కటే సున్నం కొట్టినట్టు వచ్చింది, ఆ ఆల్బమ్ ఇప్పటికీ ఎవరికీ చూపించను. కెమెరా ముందుకొస్తే ఎస్‌పీఎఫ్ ముట్టుకోవద్దు, అంతే.

లెన్స్‌వెనక
అలా తేల్చేయకండి. మీకు జరిగింది ఫ్లాష్ ఫొటోలో. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉండి ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది కాబట్టి ఆ తెల్లదనం అద్దంలో ముందే కనపడే అవకాశమే లేదు. వీడియో లైట్ వెలుగుతూనే ఉంటుంది, తేడా వస్తే స్క్రీన్ మీద అప్పుడే తెలుస్తుంది. ఎస్‌పీఎఫ్ మానేయమని అందరికీ చెప్తే రోజంతా ఎండలో షూట్ చేసేవాళ్ల గతేంటి?

నిప్పురవ్వ
రింగ్ లైట్ ఎక్కడుంటుందండీ? లెన్స్ చుట్టూనే కదా. ఫ్లాష్ లాగే నేరుగా వచ్చి నేరుగా వెనక్కి పోతుంది. మరి తేడా ఎక్కడుంది?

లెన్స్‌వెనక
రింగ్ లైట్ ఎదురుగా పెడితే కొంచెం తెల్లదనం రావచ్చు, అది ఒప్పుకుంటా. కానీ ఆవిడ రాసింది తెలుపు అని కాదు, బూడిద అని. రెండూ ఒకటి కాదు.

నిప్పురవ్వ
నా మొహం మీద జరిగింది నాకు తెలీదా? కెమెరా వెనక నిలబడేవాళ్లు మేకప్ గురించి పాఠాలు చెప్పడం మొదలెట్టారు.

పౌడర్‌పఫ్
అక్కా, అన్నా, ఇద్దరూ కాసేపు ఆగండి. వాదన ఎందుకు, చూస్తే పోయేదానికి? చిరునవ్వు గారూ, మొహానికి ఒక పక్క పౌడర్ వేయండి, రెండో పక్క వేయకండి. అదే లైట్, అదే కెమెరా, పది సెకన్లు రికార్డ్ చేసి ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద చూడండి. తర్వాత ఫౌండేషన్‌తో కూడా ఇలాగే. నేను ఇలా చూసే పట్టుకున్నా, నాకు తప్పు పౌడర్‌లో ఉంది. ఆ తెల్ల హెచ్‌డీ పౌడర్లలో చాలావాటిలో సిలికా ఉంటుంది, చిటికెడు దాటి వేస్తే చామనఛాయ మీద పొరలా తేలుతుంది.

రంగులపెట్టె
17 ఏళ్లుగా స్టూడియోల్లో మేకప్ చేస్తున్నా, పసుపు వెలుతురు టంగ్‌స్టన్ లైట్ల కాలం నుంచి ఇప్పటి ఎల్‌ఈడీల దాకా అన్నీ చూశా, కాబట్టి నా మాట వినండి. బూడిద రంగు అంటే నూటికి తొంభై సార్లు షేడ్ తప్పు. చర్మంలో పసుపు ఛాయ ఉన్నవాళ్లు గులాబీ ఛాయ ఉన్న లేత ఫౌండేషన్ వేస్తే కచ్చితంగా బూడిదే కొడుతుంది. షేడ్ చేతి మీద చూసి కొనకూడదు, దవడ నుంచి మెడ మీదికి గీత గీసి, పగటి వెలుతురులో పావుగంట ఆగి చూడాలి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురుతాయి, అందుకే ఆగమనేది. కళ్ల కింద నలుపుకి లేత కన్సీలర్ నేరుగా పూసినా బూడిదే, ముందు పల్చగా ఆరెంజ్ కరెక్టర్ (నలుపు, నీలం ఛాయని అణిచే క్రీమ్) వేసి దానిమీద కన్సీలర్ వేయాలి. ఎస్‌పీఎఫ్ గొడవ ఇక్కడితో వదిలేయండి.

మట్టిరంగు
రంగులపెట్టె గారూ, షేడ్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. మీ వాళ్లే కదా మా మొహాలకి రెండు షేడ్లు లేతవి పూసేది? నా మొదటి ఇంటర్వ్యూ రికార్డింగ్‌లో మేకప్ చేసినావిడ నన్నొక్క మాట అడగకుండా తెల్లగా చేసేసింది. మైక్ పట్టుకున్న చెయ్యి నాది, మొహం నాది కాదు. కింద కామెంట్లన్నీ దాని గురించే, నేను మాట్లాడిన విషయం గురించి ఒక్కటీ లేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా నా ఫౌండేషన్ నా బ్యాగులోనే ఉంటుంది.

రంగులపెట్టె
బాధ అర్థమైంది అమ్మా, కానీ అందర్నీ ఒకే గాటన కట్టకండి. సగం మంది కూర్చోగానే కాస్త తెల్లగా కనిపించేలా చేయండి అని వాళ్లే అంటారు.

మట్టిరంగు
నేను అనలేదు. అనని వాళ్లకి ఎందుకు పూస్తారు?

రంగులపెట్టె
పూయకూడదు. నేను పూయను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే చెప్తా, చెవులు, మెడ, చేతులు మొహంతో కలవకపోతే తుడిచి మళ్లీ వెయ్యమని.

గడ్డంబాబు
మగవాళ్లు అడగొచ్చా ఇక్కడ? నున్నగా షేవ్ చేసుకున్నా కెమెరాలో గడ్డం చోట నీలంగా నీడ కనిపిస్తోంది. ఫౌండేషన్ వేస్తే ఆ నీడ ఇంకా ఎక్కువైంది. పైగా తల మీద జుట్టు పల్చన, లైట్ పడితే మాడు మెరుస్తుంది.

పౌడర్‌పఫ్
మీకు కూడా ఆరెంజ్ కరెక్టరే తమ్ముడూ, నీడ ఉన్న చోట మాత్రమే వేలితో అద్దు, రుద్దకు. మాడు మీద రంగులేని, మెరవని మ్యాట్ పౌడర్ పఫ్‌తో నొక్కితే చాలు.

లెన్స్‌వెనక
మేకప్ మార్చే ముందు ఒకసారి కెమెరా సెట్టింగ్ కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. గదిలో పసుపు బల్బు, ముందు తెల్ల రింగ్ లైట్, రెండూ కలిస్తే కెమెరా తనంతట తనే రంగు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ ఎటు పోవాలో తెలీక ఊగుతుంది, దాంతో చర్మం రంగు చచ్చిపోతుంది. పసుపు బల్బు ఆర్పేసి, లైట్ పగటి వెలుతురులా ఉండే డేలైట్‌దైతే వైట్ బ్యాలెన్స్‌ని 5600 కెల్విన్ దగ్గర లాక్ చేయండి. లైట్ సీఆర్‌ఐ (దాని కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 పైన ఉంటే మంచిది, నాసిరకం ఎల్‌ఈడీల కింద ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా మొహం జీవం లేకుండా వస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కూడా ఒక మెట్టు తగ్గించి చూడండి.

నిప్పురవ్వ
ఈ మాట మొదట్లోనే చెప్పొచ్చు కదా, అనవసరంగా గొడవ పడ్డాం.

పచ్చతెర
నాకు వేరే బాధ. వెనక వేరే దృశ్యం పెట్టడానికి వాడే గ్రీన్ స్క్రీన్ ముందు మేకప్ కాస్త మెరిసినా బుగ్గ అంచున పచ్చ పడుతుంది, ఎడిట్‌లో పచ్చ తీసేస్తే దాంతో పాటు చెంప ముక్క తెగిపోతుంది.

రంగులపెట్టె
ఇది కొత్త సమస్య కాదు. 1930ల్లో రంగుల సినిమా పద్ధతి టెక్నికలర్ బాగా వాడుకలోకి వచ్చినప్పుడు పాత గ్రీజ్ పెయింట్ (జిడ్డు మేకప్) మెరుపు మీద చుట్టూ ఉన్న రంగులన్నీ మొహానికి అంటినట్టు కనిపించేవి, అందుకే హాలీవుడ్ మేకప్ నిపుణుడు మ్యాక్స్ ఫ్యాక్టర్ మెరవని పాన్‌కేక్ మేకప్ తయారు చేశాడు. మీరు మ్యాట్ వేయండి, మెరుపు తెచ్చే హైలైటర్ మానేయండి, తెరకి ఆరేడు అడుగులు ముందుకి జరిగి నిలబడండి.

చిరునవ్వు29
అందరికీ థాంక్స్. సగం మొహం టెస్ట్ చేశా. పౌడర్ వేసిన పక్క బాగా తెల్లబడింది, కానీ వేయని పక్క కూడా బూడిదే, కాబట్టి షేడ్ కూడా తప్పే. దవడ మీద గీత గీస్తే నిజంగానే గులాబీ రంగు తేలింది, రెండు నెలలు అదే వేసుకుని కూర్చున్నా. జిడ్డు, కళ్లజోడు, లిప్‌స్టిక్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పౌడర్‌పఫ్
జిడ్డు మీద పౌడర్ మీద పౌడర్ కొట్టుకుంటూ పోతే ముద్ద కడుతుంది. ముందు బ్లాటింగ్ పేపర్‌తో నూనె అద్దేసి, తర్వాత టీ జోన్‌లో (నుదురు, ముక్కు, గడ్డం) మాత్రమే కొంచెం నొక్కాలి, బ్రష్‌తో ఊడవకూడదు. కళ్లజోడు ప్యాడ్లు ఆనే చోట ఫౌండేషన్ దాదాపు వేయకు, ఉన్న కాస్త పౌడర్‌తో బాగా సెట్ అయ్యాకే జోడు పెట్టుకో. నేను పదేళ్లుగా జోడు పెట్టుకునే షూట్ చేస్తున్నా, దీనికి మించిన దారి దొరకలేదు. అద్దాల్లో రింగ్ లైట్ గుండ్రంగా మెరుస్తుంటే లైట్ పైకెత్తి కొంచెం కిందికి వంచు.

చిరునవ్వు29
అక్కా, ఈ రాత్రే చేసి చూస్తా. లిప్‌స్టిక్?

రంగులపెట్టె
చర్మం రంగులో కలిసిపోయే న్యూడ్ వేస్తున్నట్టున్నారు. మీ పెదాల సొంత రంగు కన్నా రెండు మెట్లు ముదురు తీసుకోండి, మ్యాట్‌లో. కెమెరా కొంత రంగు తినేస్తుంది, బుగ్గల మీద బ్లష్ కూడా అద్దంలో కాస్త ఎక్కువైందేమో అనిపించేదాకా వేయండి.

గడ్డంబాబు
ఆరెంజ్ కరెక్టర్ తెచ్చా, నీడ పోయింది, కానీ మీసం వెంట్రుకలకి అంటుకుంటోంది. మీసం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.