అప్‌డేట్: నాన్న క్లెయిమ్ డబ్బులు వచ్చాయి

నాన్న గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి 1,86,000 బిల్లైంది, పాలసీ తీసుకునేటప్పుడు బీపీ దాచారని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది, ఏం చేయాలి అని అడిగాను కదా. మీలో చాలామంది చెప్పినట్టే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లాను.

ముందు కంపెనీలోనే ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కి రాశాను. మళ్లీ అదే పాట. ఆ జవాబు చేతికొచ్చాక ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఫీజు లేదు, లాయర్ని రానివ్వరు. ఏపీ, తెలంగాణ రెండింటికీ హైదరాబాద్ ఆఫీసే.

హియరింగ్ వీడియో కాల్‌లో. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే కూర్చున్నారు, టెన్షన్ అంతా నాది. డిశ్చార్జ్ సమ్మరీలో 'బీపీ: 2 నెలల నుంచి' అన్న లైను చూపించాం. పాలసీకి అప్పటికే మూడేళ్లు, అంటే తీసుకునేటప్పుడు దాచడానికి బీపీయే లేదు. కంపెనీ తరఫున వచ్చినాయన ఫైలు తిరగేస్తూ ఉండిపోయారు.

అవార్డు, అంటే అంబుడ్స్‌మన్ తీర్పు, మాకే అనుకూలంగా వచ్చింది. 30 రోజుల్లో కట్టాలి, 26వ రోజున జమైంది. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ లాంటి వాటికి 9,000 కోశారు, అవి ఎలాగూ పాలసీలో లేవు.

తీర్పు నచ్చకపోతే ఎలా అని ఒకరు అడిగారు. కంపెనీ దానికి కట్టుబడాల్సిందే, మనం మాత్రం కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపే అంబుడ్స్‌మన్‌కి రాయాలి, ఆ లెటర్ జాగ్రత్త.