అప్‌డేట్: వేపాకు సిల్వర్ నానో తెల్లగా ఎందుకు విరిగిందో తెలిసింది

వెండి నానో కణాలు (కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు) చేద్దామని వేపాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ (వెండి లవణం) కలిపితే గోధుమ రంగు రాకుండా పాలలా తెల్లబడుతోందని పోయిన వారం అడిగాను కదా. తప్పు ఆకుది కాదు, నీళ్లది! ఆకులు మరిగించింది కుళాయి నీళ్లలో. వాటిలోని క్లోరైడ్ వెండిని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు దిగిపోయింది.

ఈసారి గాజు సామాను కూడా డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగాను. 1 మిల్లీమోలార్ (బాగా పలచని) సిల్వర్ నైట్రేట్ ద్రావణం 90 మి.లీ.కి కషాయం 10 మి.లీ. పోశాను. అరగంటకు లేత పసుపు, సాయంత్రానికి చిక్కటి డికాషన్ రంగు. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) 430 నానోమీటర్ల దగ్గర పీక్, అంటే వెండి నానో కణాలు తయారైన గుర్తు.

తర్వాత ఈ.కోలై బ్యాక్టీరియా పెంచిన ప్లేటులో, ఈ ద్రావణం పోసిన వెల్ (చిన్న గుంట) చుట్టూ బ్యాక్టీరియా పెరగని 12 మి.మీ. వలయం వచ్చింది. సంబరపడేలోపే చూస్తే, ఉత్త సిల్వర్ నైట్రేట్ పోసిన వెల్ చుట్టూ కూడా దాదాపు అంతే! అంటే బ్యాక్టీరియాను చంపింది నానో కణాలా, మిగిలిపోయిన వెండి అయాన్లా (కణాలుగా మారకుండా కరిగే ఉన్న వెండి) అన్నది తేలలేదు. ఆ అయాన్లు పోయేలా కణాలను సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి కణాలను అడుక్కి దించే యంత్రం) తిప్పి, కడిగి, సోమవారం మళ్లీ ప్లేటు పెడుతున్నాను.